అపరాధ పరిశోధన చిత్రం – తెలుగు ప్రేక్షకుని తీర్పు: రెండు ‘సి.ఐ.డి.’ల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్ర రచనలో పౌరాణిక, జానపద, సాంఘిక చిత్రాలకు దక్కినంత పరిశీలన అపరాధ పరిశోధన చిత్రానికి దక్కలేదు. ఉన్న కొద్దిపాటి ప్రస్తావనలలోనూ ఒక అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. పాశ్చాత్య డిటెక్టివ్ చిత్రంలోని బిగువు తెలుగులో నిలవలేదనీ, అందుకు బాధ్యుడు ప్రేక్షకుడేననీ, పాటలు, హాస్యం, కుటుంబబంధాల కన్నీరు లేనిదే అతనికి చిత్రం రుచించదనీ ఆ అభిప్రాయ సారాంశం. ప్రేక్షకుని మీద మోపిన ఈ నేరాన్ని విచారించడానికి ఆ ప్రేక్షకుని వాఙ్మూలం కూడా కావాలి. అది చారిత్రకంగా చాలా తక్కువగా నమోదైంది. పత్రికలో సమీక్ష రాసినవాడు ఒకడు, నేల టిక్కెట్టు కొని చూసినవాడు మరొకడు. రెండవవాని మాట అచ్చులోకి ఎక్కడం అరుదు.

అయినా ఆ తీర్పు జాడలేకుండా పోలేదు. చిత్రం కథను మలచిన తీరులో, హాలు ముందు అమ్మిన పాటల పుస్తకంలో, జనం నోట నిలిచిన మాటలలో అది మిగిలింది. ‘సి.ఐ.డి.’ అనే మూడక్షరాలనే చూడవచ్చు. పోలీసు శాఖలోని ఒక విభాగానికి పెట్టిన ఆంగ్ల సంక్షిప్తనామం అది. పక్కింటి సంగతులు ఆరా తీసేవారిని ‘సి.ఐ.డి. పని చేస్తున్నావా’ అని దెప్పిపొడిచేంతగా తెలుగు వాడుకలో కలిసిపోయింది. నేరపరిశోధన అనగానే మన జనానికి మొదట గుర్తుకు వచ్చేది నగరంలోని చీకటి సందు కాదు, పక్కిల్లు. ఈ చిన్న విషయం మీదనే ఈ వ్యాసంలోని వాదన చాలావరకు ఆధారపడి ఉంది.

ఒకే పేరుతో వచ్చిన రెండు చిత్రాలను, 1956 నాటి హిందీ ‘సి.ఐ.డి.’ని, 1965 నాటి తెలుగు ‘సి.ఐ.డి.’ని ముందు పెట్టుకొని, నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వంటి నైజాం ప్రాంతపు ప్రేక్షకుడు అటువంటి చిత్రం ముందు ఏ కథాసంస్కారంతో కూర్చొని ఉంటాడో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. నల్ల చిత్రం: హంతకుడెవరన్నది ముఖ్యమా?

‘ఫిల్మ్ నువార్’, అంటే నల్ల చిత్రం, అనే పేరు ఆ చిత్రాలను తీసినవారు పెట్టుకున్నది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సుకు చేరని అమెరికన్ చిత్రాలు యుద్ధం ముగిశాక ఒక్కసారిగా పారిస్ చేరాయి. వాటిని చూసిన విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో ఆ మాట వాడాడు. ఆ పేరు కూడా ఒక ప్రేక్షకుని అభిప్రాయమే అన్నమాట. డాషియెల్ హామెట్ నవల ఆధారంగా జాన్ హ్యూస్టన్ 1941లో తీసిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’, 1944లో వచ్చిన ‘లారా’, ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఈ కోవలో మొదటగా చెప్పుకొనేవి. వీటిలో వెలుగు తక్కువ, నీడ ఎక్కువ. పరిశోధకుడు మచ్చలేని మనిషి కాడు. చట్టం గెలిచినా లోకం బాగుపడిందన్న నమ్మకం కలగదు.

ఈ చిత్రాలను ‘హంతకుడెవరు?’ అన్న ప్రశ్నకు జవాబుగా చూడడం వాటిని సరిగా అర్థం చేసుకోకపోవడమే. హవర్డ్ హాక్స్ తీసిన ‘ది బిగ్ స్లీప్’ విషయం ప్రసిద్ధం. కథలో ఒక కారు డ్రైవరు చనిపోతాడు. అతన్ని ఎవరు చంపారో చిత్రబృందానికి అంతుపట్టక మూల నవలాకారుడు రేమండ్ చాండ్లర్‌ను అడిగితే, తనకూ తెలియదన్నాడు. అంతకంటె విలువైన సంగతి మరొకటి ఉంది. ఈ చిత్రం తొలి కూర్పును 1945లో విదేశాలలో ఉన్న అమెరికన్ సైనికులకు చూపారు. నేరం జరిగిన తీరును విడమరచి చెప్పే సన్నివేశం ఒకటి అందులో ఉండేది. 1946లో థియేటర్లకు విడుదల చేసేనాటికి ఆ వివరణను తొలగించి, నాయికానాయకుల మధ్య సన్నివేశాలను పెంచారు. కథ మరింత చిక్కుపడింది, చిత్రం మాత్రం ఆడింది. చిక్కుముడి విప్పడం కంటె ఆ ఇద్దరి మాటల చురుకు ముఖ్యమని హాలీవుడ్ కూడా లెక్క వేసిందన్నమాట. తెలుగు ప్రేక్షకుడు మాత్రమే తర్కాన్ని వదిలి రసాన్ని కోరుకున్నాడని నిందించేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

2. నైజాం ప్రేక్షకుని రెండు దారులు

చిత్రపంపిణీ వ్యాపారంలో నేటికీ వాడే ‘నైజాం ఏరియా’ అన్న మాట ఒక పాత సరిహద్దును కాపాడుతూ వస్తోంది. ఆ సరిహద్దు వ్యాపారానిది మాత్రమే కాదు, పఠన సంస్కారానిది కూడా.

కోస్తా జిల్లాల చదువరికి అపరాధ పరిశోధన తెలుగు అచ్చు ద్వారానే అందింది. 20వ శతాబ్దపు తొలి దశకాలలోనే దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ వంటి నవలలు, వాటి వెంట బెంగాలీ అపరాధ పరిశోధక నవలల అనువాదాలు వచ్చాయి. 1950ల తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి మనుషులయ్యారు. టెంపోరావు వంటివారి చౌక పుస్తకాలు రైల్వే స్టేషన్లలోనూ అద్దె పుస్తకాల దుకాణాలలోనూ చేతులు మారాయి.

తెలంగాణలో దీనికి సమాంతరంగా మరొక దారి ఉండేది. 1948 వరకు హైదరాబాద్ రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే సాగింది. ఆ చదువు చదివినవారికి ‘జాసూసీ’ నవలలు అందుబాటులో ఉండేవి. తీర్థరాం ఫిరోజ్‌పురి ఆంగ్ల డిటెక్టివ్ నవలలను విరివిగా ఉర్దూలోకి తెచ్చాడు. 1952లో అలహాబాదు నుంచి మొదలైన ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ ఉర్దూ చదివే లోకాన్నంతా ఊపేసింది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు గాలిబ్‌ను తెలుగు చేసిన చేతితోనే 1961 నుంచి సినిమా పాటలు రాశారు. రెండు భాషల నీళ్లు తాగిన తరమది. ఆ తరం హిందీ చిత్రానికి వెళ్లడమంటే పరాయి భాషకు వెళ్లడం కాదు.

చదువురాని వారి సంగతి ఏమిటి? హాలులో వారే ఎక్కువ. వారి కథాసంస్కారం మరింత లోతైనది. జనగామ ప్రాంతం ఒగ్గుకథకు పెట్టింది పేరు. ప్రసిద్ధ ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురం. ఒకప్పుడు జనగామ తాలూకాలోనే ఉన్న చేర్యాల నకాశీ చిత్రపటాలకు నెలవు. గుడ్డమీద గీసిన పటాన్ని ఒక్కొక్క గడిగా విప్పుతూ కథకుడు కులపురాణం చెబుతాడు. చూసేవాడి ముందు బొమ్మ తరువాత బొమ్మ కదలడమన్నది ఆ ఊళ్లకు సినిమాతో వచ్చిన వింత కాదు.

ఒగ్గుకథలోనైనా, పటం కథలోనైనా శ్రోతకు కథ ముందే తెలుసు. మల్లన్న పెండ్లి ఎట్లా ముగుస్తుందో తెలియక ఎవరూ రాత్రంతా మేలుకొని కూర్చోరు. తెలిసిన సంగతి పాత్రకు ఎప్పుడు తెలుస్తుందా అన్నదే వారి ఉత్కంఠ. తిక్కన విరాటపర్వం ఇందుకు శిష్టసాహిత్యంలోని ఉదాహరణ. వానలు కురవడానికి ఊరూరా చదివించిన ఈ పర్వం ఒక విధంగా నేరపరిశోధన కథ. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవులను వెదకడానికి దుర్యోధనుడు వేగులవారిని పంపుతాడు. వారు వట్టి చేతులతో తిరిగివస్తారు. కీచకుడు చచ్చిన తీరు విన్నాక, ఇంతటి బలవంతుని చంపగలవాడు భీముడేనన్న ఊహ కౌరవ సభలో కలుగుతుంది. ఇది ఏ డిటెక్టివ్ నవలకూ తీసిపోని అనుమానప్రమాణం. అయితే వలలుడు ఎవరో శ్రోతకు మొదటి పద్యం నుంచే తెలుసు. రహస్యం శ్రోతది, వెదుకులాట దుర్యోధనునిది.

ఈ సంస్కారం ఉన్న ప్రేక్షకుని నుంచి రహస్యాన్ని దాచి, చివరి రీలులో బయటపెట్టే చిత్రానికి, అతనికి పాత్రల కంటె ముందే రహస్యం అప్పగించే చిత్రానికి మధ్య తేడా చాలా ఉంది. తెలుగు సినిమా రెండవ దారిని ఎంచుకుంది.

3. ఏరువాక నుంచి చీకటి బొంబాయికి

తెలుగువారు మనసారా ఆదరించిన తొలి సినిమా డిటెక్టివ్ ‘మిస్సమ్మ’లోని రాజు అనవచ్చు. 1955 జనవరిలో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయా సంస్థ విడుదల చేసిన ఈ చిత్రంలో ఆ పాత్రను అక్కినేని నాగేశ్వరరావు పోషించారు. అతడు హంతకులను వెదకడు, తప్పిపోయిన మహాలక్ష్మిని వెదుకుతాడు. అతనికి దొరికే ఆధారాలు పుట్టుమచ్చ వంటివి. మేరీయే మహాలక్ష్మి అని ప్రేక్షకుడు పసిగట్టిన చాలాసేపటికి గానీ రాజు ఆ నిర్ణయానికి రాడు. ఈ ఆలస్యంలోనే హాస్యమంతా ఉంది. హాలులో ప్రతివాడూ డిటెక్టివ్ కంటె తెలివైనవాడే. అగ్రకథానాయకుడు ఈ పాత్రకు ఒప్పుకోవడం సాహసమని చెప్పుకొంటారు. నా దృష్టిలో అది సాహసం కంటె పెద్దది. డిటెక్టివ్ అంటే తెలుగులో ఏమిటో ఆ పాత్ర నిర్ణయించింది: విడిపోయిన కుటుంబాన్ని కలిపేవాడు.

ఆ ఏడాదే మరొక సంఘటన జరిగింది. ‘మిస్సమ్మ’ను హిందీలో తీసే ఆలోచనతో గురుదత్ హైదరాబాదుకు వచ్చాడు. అప్పటికి తాపీ చాణక్య దర్శకత్వంలో సారథీ సంస్థ తీసిన ‘రోజులు మారాయి’ విజయవంతంగా ఆడుతోంది. కొసరాజు రాసిన, మాస్టర్ వేణు స్వరపరచిన ఏరువాక పాటకు నృత్యం చేసిన యువతి పేరు ఊరంతా మారుమోగుతోంది. ఆ యువతి వహీదా రెహమాన్. ఒక్క పాటతో జనం ఆమెను నెత్తిన పెట్టుకున్న తీరు గురుదత్ దృష్టికి వచ్చింది. ఆమెను కలిశాడు, ఆ తరువాత బొంబాయికి పిలిపించాడు. తాను నిర్మించగా రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన ‘సి.ఐ.డి.’లో కామిని పాత్రను ఇచ్చాడు. ‘మిస్సమ్మ’ను మాత్రం ఆయన తీయలేదు. అది 1957లో ఎ.వి.ఎం. వారి ‘మిస్ మేరీ’గా హిందీలో వచ్చింది.

వ్యవసాయ కూలీల సమస్య మీద వచ్చిన తెలుగు చిత్రంలోని ఒక నాట్యం నుంచి హిందీ నువార్ చిత్రంలోని రహస్యమయ స్త్రీ పుట్టిందన్నది సినిమా చరిత్రకారులు వింతగా చెప్పుకొనే సంగతి. దీనిని తెలుగు ప్రేక్షకుని తీర్పుగా కూడా చదవవచ్చునని నా మనవి. టిక్కెట్టు కొన్నవాడి ఈల ఒక నటిని గుర్తించింది, నిర్మాత దానిని విన్నాడు.

1956 ‘సి.ఐ.డి.’లో నువార్ లక్షణాలు చాలావరకు ఉన్నాయి. నిజాయితీ గల పత్రికా సంపాదకుడు హత్యకు గురవుతాడు. దేవానంద్ పోషించిన ఇన్‌స్పెక్టర్ శేఖర్ పరిశోధన చేపడతాడు. లంచం చూపి లొంగదీయబోతారు. పట్టుబడిన హంతకుడు నిర్బంధంలోనే చనిపోగా ఆ నేరం శేఖర్ మీద పడుతుంది. చట్టాన్ని కాపాడవలసినవాడు చట్టం నుంచి పారిపోతాడు. పెద్దమనిషిగా చలామణి అయ్యే ధరందాసే ఈ నేరాల వెనుక ఉన్నవాడు. వి.కె. మూర్తి కెమెరా బొంబాయి రాత్రిని నీడలతో నింపింది. వీటన్నింటి నడుమ ఓ.పి. నయ్యర్ పాటలు గుర్రపుబండి లయలో హాయిగా సాగిపోతాయి. జేబుదొంగ వేషంలో జానీ వాకర్ నగరాన్ని నవ్వుతూనే నిందిస్తాడు. కామిని పాడే చివరి పాట ప్రతినాయకుని కళ్లుగప్పి నాయకుని తప్పించడానికి పనికివస్తుంది. అంటే ఆ పాట కథకు అంటించిన అలంకారం కాదు, కథలో ఒక ఎత్తుగడ. పాట ఉన్నచోట నువార్ ఉండదన్న సూత్రానికి ఈ ఒక్క సన్నివేశం చాలు సమాధానంగా.

ఉర్దూ జాసూసీ నవలలకు అలవాటుపడిన నైజాం చదువరికి ఈ చిత్రంలోని భాష, నగరం, పోలీసు అధికారి తెలిసినవారే. కానీ ఇందులో ఇల్లు లేదు. శేఖర్‌కు తల్లిదండ్రులు ఉన్నారా లేరా అన్నది కథకు అవసరం లేని ప్రశ్న. తొమ్మిదేళ్ల తరువాత తెలుగు ‘సి.ఐ.డి.’ ఆ ప్రశ్నతోనే మొదలయింది.

4. తెలుగు ‘సి.ఐ.డి.’: ఇంటిదొంగ

1965లో నాగిరెడ్డి–చక్రపాణి నిర్మించిన ‘సి.ఐ.డి.’కి దర్శకుడు తాపీ చాణక్య. ఏరువాక పాటను తెరమీద చూపినవాడే ఇతడు కావడం యాదృచ్ఛికమే గాని చక్కని యాదృచ్ఛికం. నందమూరి తారకరామారావు, జమున నాయికానాయకులు. సంగీతం ఘంటసాల. హిందీ చిత్రానికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు.

ఇందులో నాయకుడు సి.ఐ.డి. అధికారి. నేరపు బాట పట్టినవాడు అతని కన్నతండ్రి. ఆ పాత్రను గుమ్మడి పోషించారు. తండ్రి పతనం, తల్లి పెంపకం, కొడుకు ఉద్యోగం అన్న మూడింటి మీద కథ నడుస్తుంది. నేరస్థుడెవరన్నది ప్రేక్షకునికి ప్రశ్నే కాదు. కొడుకు తండ్రిని ఎప్పుడు గుర్తిస్తాడు, గుర్తించాక చట్టం చెప్పినట్టు చేస్తాడా, రక్తం చెప్పినట్టు చేస్తాడా అన్నదే ప్రశ్న. ఇది విరాటపర్వపు శ్రోతకు చిరపరిచితమైన స్థితి. తాను ఎరిగిన రహస్యం ఎరగని పాత్రను చూస్తూ కూర్చోవడం.

‘ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్నది మన సామెత. ఇంటిలోని వాడే దొంగయితే పట్టడానికి కావలసింది తెలివి కాదు, గుండె. తెలుగు ‘సి.ఐ.డి.’ కథ ఈ సామెతకు పొడిగింపులా కనిపిస్తుంది. 1951లో రాజ్‌కపూర్ ‘ఆవారా’లో తండ్రి న్యాయమూర్తి, కొడుకు దొంగ. అక్కడ నిందితుని స్థానంలో కొడుకు నిలబడతాడు. ఇక్కడ నిందితుని స్థానంలో తండ్రి నిలబడతాడు. తండ్రిని విచారించే అధికారం కొడుకుకు ఇవ్వడం మన కుటుంబ మర్యాదలో ఎంత ఇబ్బందికరమైన విషయమో ఆలోచిస్తే, ఈ చిత్రం చేసిన పని తేలికైనది కాదని తెలుస్తుంది. నువార్ చట్టాన్ని శంకించింది. తెలుగు చిత్రం తండ్రిని శంకించింది. రెండింటిలో ఏది ఎక్కువ సాహసమన్నది చూసేవాడి సమాజాన్ని బట్టి ఉంటుంది.

ఇంతమాత్రాన ఈ చిత్రం విజయా వారి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ల సరసన నిలిచేదని నేను అనను. ఎత్తుకున్న సమస్యకు తగిన చీకటిని చాణక్య ఈ చిత్రంలో చూపలేదు. విజయా సంస్థకు అలవాటైన ప్రశాంతమైన వెలుగులోనే ఈ కథ కూడా నడుస్తుంది. ఇంతటి ఘర్షణ ఉన్న కథకు ఆ వెలుగు చాలదు. అయినా ‘ప్రేక్షకుని కోసం డిటెక్టివ్ కథను పాడుచేశారు’ అన్న మాట దీనికి వర్తించదు. ఇది వేరే కథ, దీని వెనుక ఉన్నది వేరే పరంపర.

5. పాటలు, పుస్తకాలు, రెండవసారి చూడడం

మద్రాసులో 1954లో జరిగిన ఒక ప్రయోగం తెలుగు చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది. వడపళనిలో వాహినీ స్టూడియోకు ఇరుగుపొరుగైన ఎ.వి.ఎం. సంస్థ, ఎస్. బాలచందర్ దర్శకత్వంలో ‘అంద నాళ్’ అనే తమిళ చిత్రం తీసింది. 1943 అక్టోబరులో మద్రాసు మీద జపాను బాంబు పడిన మర్నాడు ఒక రేడియో ఇంజినీరు హత్యకు గురవుతాడు. శివాజీ గణేశన్ పోషించిన ఆ పాత్ర కథ మొదట్లోనే చనిపోతుంది. ఒక్కొక్కరు చెప్పే కథనంలో ఒక్కొక్క విధంగా కనిపిస్తుంది. పాట లేదు, నృత్యం లేదు. జాతీయ పురస్కారాలలో దానికి యోగ్యతాపత్రం వచ్చింది. హాళ్లలో జనం ఆదరించలేదు. నేడు అది దక్షిణాది నువార్ చిత్రాలలో మేలుబంతిగా గౌరవం పొందుతోంది.

ఈ వైఫల్యాన్ని ప్రేక్షకుని మందబుద్ధికి నిదర్శనంగా చూపడం పరిపాటి. చూసే పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి అనుమతించవద్దని హిచ్‌కాక్ నియమం పెట్టించాడు. మన పల్లెల టూరింగ్ టాకీసులో ఇటువంటి నియమం ఊహించలేము. ఎడ్లబండి చేరిందే ఆట వేళ. ముందు ప్రభుత్వ వార్తాచిత్రం, ఆ తరువాత కథ. ఒకే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు మార్చడానికి మాటిమాటికీ విరామం. ఆ విరామంలో దీపాలు వెలుగుతాయి, వేరుశనగకాయలు వస్తాయి, సోడాలు పేలతాయి, పక్కవాడు తన అనుమానం చెబుతాడు. హంతకుడు వీడేనని ఒకరు, కాదని మరొకరు. ఏకాగ్రతను ఆధారం చేసుకున్న పాశ్చాత్య ఉత్కంఠ ఇక్కడ నిలవదు. ముక్కలుగా చూసినా చెడని కథ ఇక్కడ నిలుస్తుంది. ఒగ్గుకథ కూడా నడుమ నడుమ ఆగి, పిట్టకథ చెప్పి, నవ్వించి మళ్లీ సాగేదే.

ఇక పాటల పుస్తకం. హాలు ముందు అణాలకు అమ్మిన ఆ చిన్న పుస్తకంలో పాటల సాహిత్యంతోపాటు కథాసంగ్రహం ఉండేది. నాయకుడు చిక్కుల్లో పడే చోటికి వచ్చి ఆగి, మిగిలినది వెండితెరపై చూడమని చెప్పేది. సాధారణ సాంఘిక చిత్రం విషయంలో ఇది వట్టి మర్యాద. ముగింపు అందరికీ తెలిసినదే. అపరాధ పరిశోధన చిత్రం విషయంలో మాత్రం ఆ వాక్యం నిజంగా ఒక రహస్యాన్ని కాపాడాలి. పాట బాగుంటే పుస్తకం ఇంటికి వెళుతుంది, ఇంటిల్లిపాదీ మళ్లీ హాలుకు వస్తారు. వందరోజుల పండుగ మీద బతికిన ఆనాటి చిత్రవ్యాపారానికి మళ్లీ వచ్చేవాడే ఆధారం. హంతకుడి పేరు తెలిసిన మరుక్షణం ఆ చిత్రాన్ని మళ్లీ చూడడానికి కారణం ఏమి మిగులుతుంది? పాట మిగులుతుంది. హాస్యం మిగులుతుంది. కన్నతల్లి కన్నీరు మిగులుతుంది. వీటిని కథకు పట్టిన తుప్పుగా భావించినవారు, అవి రెండవ ఆటకు వేసిన పునాదులని గమనించలేదు.

6. ఆ తరువాతి దారి

1966లో డూండీ నిర్మించిన ‘గూఢచారి 116’ దీనికి మరొక పరిష్కారం చూపింది. ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ, జయలలిత నటించిన ఈ చిత్రంలో శత్రువును దాచిపెట్టే శ్రమ తక్కువ. వేగం, ఉపకరణాలు, దుస్తులు ఎక్కువ. ఆరుద్ర మాటలు రాశారు. కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న పేరు తెచ్చిన ఈ చిత్రం మరుసటేడు ‘ఫర్జ్’గా హిందీలోకి వెళ్లింది. పదేళ్ల కిందట హైదరాబాదు నుంచి బొంబాయికి ఒక నటి వెళితే, ఈసారి ఏకంగా కథే వెళ్లింది.

1967 నాటి ‘అవే కళ్లు’ మాత్రం రహస్యాన్ని చివరి వరకు దాచడానికి పట్టుబట్టింది. ఎ.సి. తిరులోకచందర్ తమిళంలో తీసిన ‘అదే కంగళ్’కు ఇది తెలుగు రూపం. ముసుగు మనిషి కళ్లు మాత్రమే ప్రేక్షకునికి ఇచ్చిన ఆధారం. ఇక్కడ కూడా హత్యలు జరిగేది నగరవీధిలో కాదు, ఒక కుటుంబంలో. చిత్రం పేరే ప్రేక్షకునికి అప్పగించిన పని: ఇంట్లోకి వచ్చిపోయే ప్రతి మనిషి కళ్లను గమనించడం. హాలులోని ప్రతివాడినీ సి.ఐ.డి.ని చేసిన చిత్రం తెలుగులో ఇంతకంటె స్పష్టంగా మరొకటి కనిపించదు. దాచిన రహస్యమూ మనవారికి రుచించగలదని, అయితే అది ఇంటి గడప దాటరాదని దీనివల్ల తెలుస్తోంది.

1985లో వంశీ ‘అన్వేషణ’ను అడవికి తీసుకువెళ్లాడు. ఇళయరాజా సంగీతం ఆ చిత్రాన్ని మళ్లీ మళ్లీ వినేదిగా నిలిపింది. హంతకుడెవరో తెలిసినవారే నేటికీ దానిని చూస్తున్నారు. మరుసటేడు జంధ్యాల, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా ‘చంటబ్బాయ్’ తీశారు. చిరంజీవి పోషించిన డిటెక్టివ్ పాండురంగారావు ‘మిస్సమ్మ’ రాజుకు నేరుగా వారసుడు. పరిశోధకుడే నవ్వుల పాలవుతాడు. అతని ముందుకు వచ్చే అసలు పని తప్పిపోయిన కొడుకును వెదకడం. విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన ఈ చిత్రం టెలివిజన్‌లో పదేపదే ప్రసారమై అభిమానులను సంపాదించుకుంది. హాలులో ఇచ్చిన తీర్పును అదే ప్రేక్షకసమాజం ఇంట్లో కూర్చొని తిరగరాసింది.

2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో కథానాయకుడు నెల్లూరులో కార్యాలయం తెరిచిన సినిమాపిచ్చి గల డిటెక్టివ్. పాశ్చాత్య పరిశోధకుల వేషం, ధోరణి అనుకరించడం అతనికి సరదా. అతనిని చూసి నవ్వే ప్రేక్షకునికి ఆ వేషం ఎక్కడిదో బాగా తెలుసు. ఆ చిత్రం మాత్రం నగరపు చీకటితో మొదలవదు, తల్లి మరణవార్త విని ఊరికి పరుగెత్తుకువచ్చిన ఒక కొడుకుతో మొదలవుతుంది.